ఇస్తాంబూల్‌లో నీలోఫర్

ఉమ్రా అయిపోయింది, మదీనాలో సలామ్ చెప్పుకున్నాం, ఇంక ఇంటికే అనుకుంది అమ్మీ. దుమ్ముగూడెం వదిలి అప్పటికి పద్దెనిమిది రోజులు. "ఇస్తాంబూల్ ఎందుకు, ఫుజూల్ ఖర్చు" అని విమానం ఎక్కకముందే మొదలెట్టింది. పిల్లల ఎండాకాలం సెలవులు, టికెట్లు ముందే కొన్నాం, ఏం చేస్తాం? అయినా ఆమె కోపం ఖర్చు మీద కాదని నాకు తెలుసు. మా సఫర్‌లో అదే ఆఖరి షెహర్. అక్కడి నుంచి మేం హైదరాబాద్‌కి, తమ్ముడు నౌకరీకి మళ్ళీ జిద్దాకి.

ఆఖరి రోజు దోల్మాబాహ్‌చె మహల్‌కి వెళ్ళాం. ఆరుగురికి టికెట్ లెక్కేస్తే గుండె గుభేలుమంది. పిల్లలకి సిమిత్‌లు (నువ్వులద్దిన గుండ్రటి రొట్టెలు లెండి) కొనిచ్చి, పక్కనే కబాతాష్ రేవులో ఉస్కుదార్ వెళ్ళే పడవెక్కాం. మహల్ నీళ్ళ మీది నుంచి ఎలాగూ కనిపిస్తుంది, ముఫ్త్‌గా.

నీళ్ళు చూశాకే అమ్మీ నోరు విప్పింది. "వరదప్పుడు మన ఆనకట్ట దగ్గర గోదారి ఇంతే ఉంటుంది" అంది. ఈ ఒడ్డు యూరప్, ఆ ఒడ్డు ఏషియా అని నా కూతురు చెప్తే అమ్మీకి వింతేం కాలేదు. వాళ్ళ అబ్బా రోజుల్లో మా ఒడ్డు ఇంగ్లీషోళ్ళది, బూర్గంపాడు ఒడ్డు నైజాంది. పడవ దాటితే రాజ్యమే మారేది.

"ఆ మహల్ ఎవరిది?"

సుల్తానులది, చివరికి ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ ఉన్నారు అని చెప్పాను. 1924 మార్చి 3న ఖిలాఫత్ రద్దు చేసి, తెల్లారకముందే ఆయన్ని కుటుంబంతో సహా జలావతన్ చేశారు. కూతురు దుర్రు షెహవార్‌కి అప్పుడు పదేళ్ళు. 1944లో పారిస్‌లో పోయారు. మట్టి దొరికింది మాత్రం పదేళ్ళ తర్వాత, మదీనాలో, జన్నతుల్ బఖీలో.

"బఖీలోనా?" అమ్మీ నా చెయ్యి పట్టుకుంది. వారం కిందటే ఆ గోడ బయట నిలబడి సలామ్ చెప్పి వచ్చాం.

"ఆ కూతురే మన నిజాం పెద్ద కోడలు. 1931లో ఫ్రాన్స్‌లో నిఖా. అదే రోజు చిన్న కొడుక్కి ఇంకో షెహజాదీ. ఈ ఊళ్ళోనే పుట్టింది. పేరు నీలోఫర్."

అమ్మీ తమ్ముడి వైపు చూసింది. వాడు పిట్టలకి సిమిత్ ముక్కలు విసురుతున్నాడు.

1986 వానాకాలం, వాడికి నాలుగేళ్ళు. మలేరియా తలకెక్కింది. మా అడవి ఊళ్ళలో ఆ మాట వింటేనే ఒళ్ళు చల్లబడేది. భద్రాచలం దాకా బస్సు, కొత్తగూడెంలో రాత్రి రైలు. చెవి కమ్మలు అమ్మి అబ్బా డబ్బు తెచ్చారు. నీలోఫర్ దవాఖానాలో పదకొండు రోజులు. పన్నెండో రోజు వాడు లేచి అన్నం అడిగాడు.

"నీలోఫర్ అంటే కలువ పువ్వే కదా, పువ్వు పేరు పెట్టారనుకున్నా. మనిషి అనుకోలేదు" అంది అమ్మీ. "వరండాలో తస్బీహ్ తిప్పుతూ, ఈ దవాఖానా కట్టినోళ్ళకి జన్నత్ ఇవ్వు యా అల్లాహ్ అని రోజూ అడిగేదాన్ని. ఎవరో తెలీకుండానే."

దగ్గరుండి సేవ చేసిన మనిషి కాన్పులో చనిపోతే, ఇంకో తల్లికి అలా కాకూడదని షెహజాదీ ఆ దవాఖానాకి పూనుకుందని చెప్తారు. 1953లో తెరిచారు.

"పిల్లలెంతమంది ఆమెకి?"

"లేరమ్మీ."

"ఖబర్?"

"పారిస్ దగ్గర. 1989లో పోయింది."

అమ్మీ దుపట్టా సర్దుకుని అక్కడే, ఆ బల్ల మీదే, ఫాతిహా చదివింది. ఈసారి పేరు పెట్టి. పడవ ఒడ్డుకి తగిలి జనం దిగుతున్నా లేవలేదు.

"ఏమైంది ఆపా?" అని తమ్ముడొచ్చాడు. చెప్తే, "నాకేం యాద్ లేదు" అన్నాడు.

"నీకెక్కడిది, సోయిలో ఉంటే కదా" అని అమ్మీ బ్యాగులోంచి దాచుకున్న సగం సిమిత్ తీసి వాడి చేతిలో పెట్టింది. "పిట్టలకి వెయ్యకు, తిను. రేపు విమానంలో ఏం పెడతారో ఏమో."