గోలు ముందర నిలబడినవాడు



2008 మార్చిలో మా శంషాబాదులో విమానాశ్రయం తెరిచారు. ఊరంతా ఆ మాటే. అదే సంవత్సరం నవంబరులో, మన హైదరాబాదులో పుట్టిన ఒక పెద్దమనిషి దూరాన బొకారోలో కన్నుమూశాడు. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఆయన పేరు పీటర్ తంగరాజ్. (పేరు వినగానే "ఏ సంఘము?" అని అడిగేవారు మనలో ఉన్నారు. నేను చెప్పబోయేది ఆయన ఆటను గూర్చి.)

1935లో పుట్టి, పట్టాళములో చేరి, మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టుకు ఫుట్‌బాల్ ఆడాడు. మొదట ముందు వరుసలో గోళ్లు కొట్టేవాడే. తరువాత గోలు కాయడానికి వెనుకకు వచ్చాడు. ఆ జట్టు 1955లోను, 1958లోను డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. తరువాత కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. ఒక క్లబ్బువాని గడప మరొక క్లబ్బువాడు తొక్కని ఊరిలో అది చిన్న విషయం కాదు. 1967లో అర్జున పురస్కారం వచ్చింది.

అయితే నా మనస్సు ఎప్పుడూ 1962 జకార్తా దగ్గరే ఆగుతుంది. ఆసియా క్రీడలలో మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తంగరాజ్ జ్వరంతో మంచం పట్టాడు. గోలులో ప్రద్యుత్ బర్మన్ నిలబడి జట్టును ఫైనలు దాకా తెచ్చాడు. ఫైనలులో మళ్లీ అదే కొరియా. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఆయన కూడా హైదరాబాదువాడే, కోలుకున్న తంగరాజ్‌ను నిలబెట్టాడు. లక్షమంది జనం మనవారికి వ్యతిరేకంగా కేకలు వేస్తుండగా 2-1తో గెలిచాం. మరుసటి సంవత్సరమే రహీమ్ క్యాన్సరుతో చనిపోయాడు.

అందరూ గెలిచినవాని సంగతి చెబుతారు. ప్రక్కన కూర్చున్న బర్మన్ ఆ తొంభై నిమిషాలు ఎలా గడిపాడో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. ఇంటిలో పెద్దకొడుకు పెండ్లికి చిన్నకొడుకు నీళ్లు మోయడం చూసినవారికి కొంత అర్థమౌతుంది.

ఈ సంగతులన్నీ మొన్న విమానాశ్రయంలో కారు నడిపే ఒక సహోదరునికి చెప్పవలసి వచ్చింది. ఆరాధన అయ్యాక నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, మా పోరడు పొద్దుగూకులూ బంతి ఎంబడే ఉంటుండు. బంతి తంతె బువ్వొస్తదా?" అన్నాడు. పిల్లవాడు పొడగరి, అందుచేత తోటివారు వానిని ఎప్పుడూ గోలులోనే నిలబెడతారు. ఇరవైనాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. పదిమంది తప్పుచేసినా కనబడదు గాని, వాడు ఒక్కసారి జారితే అందరికీ కనబడుతుంది.

తంగరాజ్‌కు ముందు పట్టాళములో జీతం దొరికిందని, ఆట దానితోపాటే నడిచిందని చెప్పాను. అందరికీ అలా దొరకదని కూడా చెప్పాను. పదవ తరగతి మాత్రం మానిపించవద్దన్నాను.

ఆయన కొంతసేపు తల గోక్కుని, "ఆ చేతులకేసుకునే తొడుగులు యాడ దొర్కుతయి అయ్యగారూ?" అని అడిగాడు.