గంటా ఇరవై నిమిషాల దూరం

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి దూరమెంత అని అడిగితే ఈ కాలంలో కిలోమీటర్లలో జవాబు చెప్పేవారు అరుదు. ‘విమానంలో గంటా ఇరవై నిమిషాలే’ అనడం, అందులోనూ ఆ చివరి ‘లే’ను కాస్త సాగదీసి పలకడం ఆచారమైపోయింది. కిలోమీటర్లకైనా ఒకే జవాబు లేదు. భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారిని మహావృత్త మార్గం అంటారు. ఆ లెక్కన ఈ రెండు నగరాల మధ్య దూరం సుమారు 500 కిలోమీటర్లు కాగా, రోడ్డున అది 600 పైచిలుకు, విజయవాడ మీదుగా ఒంపు తిరిగే రైలుమార్గాన సుమారు 700.

గంటకు 800 కిలోమీటర్ల వేగం అందుకోగల జెట్ విమానం ఈ దూరాన్ని 40 నిమిషాలలో దాటాలి గదా అని లెక్క వేసేవారికి సమాధానం ‘బ్లాక్ టైమ్’ అనే మాటలో దొరుకుతుంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు గమ్యంలో మళ్లీ నిలిచేదాకా పట్టే కాలం అది. రన్‌వే దాకా మెల్లగా నడవడం, వరుసలో వేచి ఉండటం, ఎక్కడం, దిగడం అన్నీ అందులోవే. అయితే ఈ నిర్వచనంలో విమానం ఉంది గాని మనిషి లేడు. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలినప్పుడు ఆకాశంలో దూరం పెరగలేదు, కూకట్‌పల్లి వాసికి మాత్రం విశాఖ ఇంకాస్త దూరమైంది. ఈ సంగతిని ఏ టికెట్టూ ఒప్పుకోదు. ఇంటికి తాళం వేసి, రద్దీకి జడిసి ముందుగానే బయలుదేరి, బెల్టు విప్పి ట్రేలో పెట్టి, మళ్లీ బిగించుకొని, పలచని కాఫీకి భోజనం ఖరీదు చెల్లించే ఆ మనిషికి ప్రయాణం ఐదు గంటలకు తగ్గదు, ఆ ఐదు గంటలలో ఊరన్నది ఒక్కటీ తగలదు.

1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం నాంపల్లిలో కదిలి సుమారు 12 గంటలు తీసుకుంటుంది గాని, ఏ గంట ఎక్కడ గడిచిందో అందులోని ప్రయాణికుడు చెప్పగలడు: కాజీపేటకు చీకటి పడుతుంది, ఖమ్మం వచ్చేసరికి పులిహోర పొట్లాలు ఖాళీ అవుతాయి, విజయవాడలో ఎక్కినవారు అప్పుడే కునుకు పట్టినవారిని లేపుతారు. గోదావరి మీది రోడ్డు–రైలు వంతెన వయసూ ఆ బండి వయసే. ఆ వంతెన మీదుగా వెళ్లే రాత్రి, కొవ్వూరు దాటగానే చక్రాల చప్పుడు మారి, గట్టినేల మోత పోయి, కింద నేల లేని ఇనుము మోగుతుంది. గాఢనిద్రలో ఉన్న పెద్దావిడ ఎవరూ లేపకుండానే లేచి, చెంగు ముడి విప్పి, కిటికీ ఊచల మధ్య నుంచి రూపాయి బిళ్ల విసురుతుంది. అది ఒక్కోసారి దూలానికి తగిలి ఖంగుమని వంతెన మీదే ఉండిపోతుంది. అప్పుడామె రెండో బిళ్ల కోసం చీకట్లో ముడి తడుముకుంటుంది, వంతెన రెండున్నర కిలోమీటర్లకు పైమాటే గనుక అందుకు వ్యవధి ఉంటుంది.