సద్ది, సద్దు, ఒక ఇయర్‌ఫోన్

"ఆ ఇయర్‌ఫోన్ ఎక్కడ కొన్నావే, ఎంతైంది?" అని ఈ నెలలో నన్ను అడిగినవాళ్ళు ఆరుగురు. ఒకరికి క్యాంటీన్లో సగం, ఇంకొకరికి బస్సులో సగం చెప్పాను. అందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని ఇక్కడ రాస్తున్నాను. అయితే ధర ఒక్కటే చెప్పి ఊరుకోలేను. దాన్ని కొనడం వెనక ఒక తప్పు ఉంది. తప్పు నాదే. మన క్లాసులో అందరూ విని చప్పట్లు కొట్టిన తప్పు.

ముందు మా ఇంటి సంగతి. అమ్మది విరుదునగర్, తమిళం ఇల్లు. నాయనది కోవిల్‌పట్టి పక్క పల్లె, తెలుగు ఇల్లు. మేముండేది కోవిల్‌పట్టిలో. అమ్మతో తమిళం, అవ్వతో తెలుగు, నాయనతో ఏది ముందు నోటికొస్తే అది. బడిలో చదివింది అంతా తమిళమే. తెలుగు అక్షరాలు నేను ఎనిమిదో తరగతి సెలవుల్లో నేర్చుకున్నాను. అంతవరకు తెలుగు నాకు చెవికి తెలిసిందే గాని కంటికి తెలియదు. అందుకే ఇప్పటికీ రాసేటప్పుడు పుస్తకం మాట ఒకటి, ఇంటి మాట ఒకటి పక్కపక్కన వచ్చి నిలబడతాయి.

పోయిన సెమిస్టర్లో మేడం మనకిచ్చిన అసైన్‌మెంట్ గుర్తుంది కదా. ఇంట్లో పెద్దవాళ్ళ మాట అరగంట రికార్డు చేసి, వాళ్ళు పలికింది పలికినట్టే రాసుకొని రమ్మన్నారు. ఆ రోజు మేడం కి. రాజనారాయణన్ గారి గురించి చెప్పారు. ఆయన ఊరు ఇడైసెవల్ మా కోవిల్‌పట్టికి దగ్గరే. ఇంట్లో మాట్లాడింది తెలుగు, రాసింది తమిళం. తెలుగు దేశం నుంచి వచ్చి ఈ నల్లరేగడిలో ఊళ్ళు కట్టుకున్న మనవాళ్ళ కథను నవలలుగా రాశారు. 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో ఆయన పోయినప్పుడు మా వీధిలో కూడా ఆయన ఫొటో పెట్టారు. మనవాళ్ళ కథ తమిళంలో భద్రంగా ఉంది, కానీ వాళ్ళ తెలుగు ఎక్కడుంది అని మేడం అడిగారు. ఎవరమూ చెప్పలేదు. అవ్వల గొంతులో ఉంది అని ఆవిడే చెప్పారు.

నేను అవ్వను కూర్చోబెట్టి 41 నిమిషాలు రికార్డు చేశాను. అవ్వ చిన్న వయసులోనే అగ్గిపెట్టెల కంపెనీలో పనికి చేరింది. అగ్గిపుల్లలు ఒక్కొక్కటీ చట్రంలో పేర్చే పని. ఎన్ని చట్రాలు నింపితే అంత కూలి. తాత పోయాక ముగ్గురు బిడ్డల్ని ఆ కూలితోనే సాకింది. ముగ్గురిలో నడిమివాడు మా నాయన.

రికార్డు చేయడం సులభం. విని రాయడమే కష్టం. పొద్దున రైల్లో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు వచ్చేటప్పుడు, సాయంత్రం బస్సులో పోయేటప్పుడు రాసుకునేదాన్ని. నా దగ్గర అప్పుడున్నది 249 రూపాయల ఇయర్‌ఫోన్. డబ్బా మీద బాస్ అని పెద్దక్షరాలు. పాటలకు బాగానే ఉండేది, డప్పు గుండెలో మోగినట్టుండేది. అవ్వ గొంతు మాత్రం బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు వచ్చేది. నేను పట్టించుకోలేదు.

రికార్డులో ఒకచోట అవ్వ ఇలా అంటుంది. నేను రాసుకున్నది ఇది: "మీ తాత పోయిన మరుసటి వారం. ఆ పొద్దు ఇంట్లో సద్దు లేదు. బిడ్డల్ని లేపకుండా కంపెనీకి పోతిని."

సద్దు లేదు. చావు జరిగిన ఇంట్లో చప్పుడు లేదు. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. దాని కింద ఒక పేజీ వ్యాఖ్య రాశాను. నిశ్శబ్దం గురించి, దుఃఖం గురించి, చదువు లేని మా అవ్వ ఎంత కవిత్వంగా మాట్లాడిందో దాని గురించి. మేడం ఆ పేజీ క్లాసులో చదివించారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ రోజు నేను ఇంటికి నడిచి పోలేదు, తేలుతూ పోయాను.

ఆదివారం అవ్వకు అంతా చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గర అవ్వ ఆపింది.

"సద్దు అంటే ఏంది పాపా?"

"సత్తం, అవ్వా. చప్పుడు లేదన్నావు కదా."

అవ్వ నవ్వింది. "ముగ్గురు బిడ్డలుండే ఇంట్లో సత్తం లేకుండా ఎట్లుంటాది? సద్దు అనే మాట నేను యాడన్నాను? సద్ది లేదంటిని. సద్ది. ముందునాటి అన్నం. వాండ్లు లేస్తే ఏం పెట్టేది? అందుకే లేపలేదు."

నాయన పక్కనే తింటున్నారు. కంచంలో చెయ్యి ఆగిపోయింది. ఏమీ అనలేదు. కొంచెంసేపటికి లేచి చెయ్యి కడుక్కున్నారు.

నేను నిశ్శబ్దమని మెచ్చుకున్నది ఆకలి. ఒక్క గుడి బదులు ఒక్క కొమ్ము రాశాను, అంతే. ఆ అంతేలో మా నాయన చిన్నతనం ఉంది.

సోమవారం పొద్దున సీనియర్ అక్క ఇయర్‌ఫోన్ అడిగి తీసుకొని అదే చోటు విన్నాను. సద్ది. స్పష్టంగా సద్ది. నాది పెట్టుకొని విన్నాను. సద్దు అనీ అనుకోవచ్చు, సద్ది అనీ అనుకోవచ్చు.

ఎందుకిలా అని చదివితే తెలిసింది. 'ఇ', 'ఉ' రెండూ నోరు తక్కువగా తెరిచి పలికేవి. కింది స్థాయి ధ్వనిలో రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని వేరు చేసేది పైస్థాయి ధ్వని. 'ఇ'కి అది దాదాపు రెండు వేల హెర్ట్జ్ దాటి ఉంటుంది, 'ఉ'కి అందులో సగం కూడా ఉండదు. బాస్‌ను ఉబ్బించి పైధ్వనిని మింగేసే ఇయర్‌ఫోన్‌లో ఆ తేడా చెరిగిపోతుంది. స, శ, చ లాంటివి ఇంకా పైన ఉంటాయి, అవి ముందే పోతాయి.

కానీ తప్పంతా 249 రూపాయల మీద వేయలేను. సగం దానిది, సగం నాది. మా ఇంట్లో ఎవరూ సద్దు అనరు, సత్తం అంటాం. ఆ సంగతి నాకు తెలుసు. సద్దు నేను పాఠంలో నేర్చుకున్న మాట. ఆ మాట అవ్వ నోట రావాలని నాకే ఆశ. ఇయర్‌ఫోన్ సందేహం మిగిల్చిన చోట నేను నాకు నచ్చింది విన్నాను.

మేడంతో చెప్పాను. తిడతారనుకున్నాను. "దిద్దుకో, ఎలా తప్పు జరిగిందో కూడా రాయి" అన్నారు. అదే ఇది.

ఇక మీరు అడిగిన సంగతి. దాచుకున్న డబ్బు ఆరు వందలు. అందులోనే కొనాలి. విరుదునగర్‌లో రెండు మూడు అంగళ్ళు తిరిగాను. ఒకచోట మాత్రం చెవిలో పెట్టి చూడనిచ్చారు, రబ్బరు మొనలు తుడిచి ఇచ్చారు. నేను పాట పెట్టలేదు. అవ్వ మాట్లాడిన ఆ పన్నెండు సెకన్లే పెట్టాను. 300 రూపాయలది, 550ది, 900ది, మూడూ విన్నాను. 300ది నా పాతదానికి అక్క. 900ది చూడ్డానికి చాలా బాగుంది, మెటల్ ఒళ్ళు, కానీ దాంట్లోనూ బిందె మోతే. 550 దాంట్లో సద్ది సద్దిగా వినిపించింది. వెనకాల కుక్కర్ విజిల్ కూడా వేరుగా వినిపించింది. అదే కొన్నాను. ధర పెరిగితే వినికిడి పెరుగుతుందనేమీ లేదు.

నేను నేర్చుకున్నవి ఇవి.

డబ్బా మీద 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ అని ఉంటే మురిసిపోకండి. అది మనిషి చెవి వినగలిగే హద్దు, దాదాపు అన్ని డబ్బాల మీదా ఉంటుంది. ఆ మధ్యలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నదే అసలు సంగతి, అది డబ్బా మీద ఉండదు. లోపలి డ్రైవర్ 10 మిల్లీమీటర్లా 14 మిల్లీమీటర్లా అన్నదీ అంతే, పెద్దదైతే మంచిదని కాదు. ఇంపీడెన్స్ 16 లేదా 32 ఓమ్‌లు ఉంటే మన ఫోన్‌కు చాలు.

రబ్బరు మొనలు మూడు సైజులు ఇస్తారు. చాలామంది డబ్బాలోనే వదిలేస్తారు. మూడూ పెట్టి చూడండి. వదులుగా ఉంటే బాస్ కారిపోతుంది, బయటి మోత లోపలికి వస్తుంది. బిగుతుగా ఉంటే గంటకే చెవి నొప్పి. నా ఎడమ చెవికి చిన్నది, కుడి చెవికి మధ్యది సరిపోయాయి. రెండు చెవులూ ఒకటే అనుకోవడం కూడా నా తప్పుల్లో ఒకటి.

బ్లూటూత్‌దా వైరుదా అంటే, నా డబ్బుకు వైరుదే. బ్లూటూత్ దాంట్లో డబ్బు కొంత బ్యాటరీకి, చిప్‌కు పోతుంది. ఆ చిన్న బ్యాటరీ కొన్నేళ్ళకు నీరసిస్తుంది, మార్చడం కష్టం. వైరుది ఎక్కువగా పిన్ను దగ్గర తెగుతుంది. పిన్ను వంగి ఉన్నది చూసుకోండి. ముందు మీ ఫోన్‌కు గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉందో, టైప్ సి ఒక్కటే ఉందో చూసుకొని బయల్దేరండి. బిల్లు పారేయకండి.

ఇంకొంచెం డబ్బుంటే మూన్‌డ్రాప్, కేజెడ్ లాంటి చైనా కంపెనీలవి చూడవచ్చు. కొన్ని మోడళ్ళకు వైరు ఊడదీసి మార్చుకునే వీలుంది, వైరు తెగితే మొత్తం పారేయక్కర్లేదు.

కొనేముందు ఖర్చు లేని పని ఒకటి. ఫోన్‌లో ఈక్వలైజర్ ఉంటే బాస్ తగ్గించి వినండి. నా పాతది కూడా అలా చేస్తే కొంచెం తేటపడింది. కొందరికి అదే చాలు.

చివరిది శబ్దం గురించి. మన బస్సుల్లో ఇంజను మోత, హారన్, పైగా సినిమా పాటలు. వాటిని దాటి వినాలని మనం పెంచుతూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే వారానికి 4 గంటలే. పది డెసిబెల్స్ పెరిగితే పదో వంతు సమయం. చెవిలో సరిగ్గా కుదిరే మొన బయటి మోతను ఆపుతుంది కాబట్టి తక్కువ శబ్దంలోనే వినబడుతుంది. మొన కుదరడం చెవికి మంచిది అనేది ఇందుకే. కానీ రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర రెండూ తీసేయండి.

ఇదంతా ఒక్క మాటలో చెప్పాలంటే, మీకు బాగా తెలిసిన ఒక మనిషి గొంతు ఫోన్‌లో పెట్టుకొని అంగడికి పోండి. పాట ఏ ఇయర్‌ఫోన్‌లోనైనా బాగుండొచ్చు. అమ్మ గొంతు అమ్మ గొంతులా లేకపోతే మీకు వెంటనే తెలుస్తుంది.

కొత్తది తెచ్చిన రాత్రి ఒకటి అవ్వ చెవిలో పెట్టాను. అవ్వ చెవి ఈమధ్య మందగించింది. తన మాట తానే విన్నది. "ఇది నా గొంతా? మా అమ్మ గొంతు మాదిరి ఉండాదే" అంది. రెండోది నాయన తీసుకున్నారు. తల్లీకొడుకులు ఒకే వైరుకు చెరో చెవి పెట్టి ఆ 41 నిమిషాలూ విన్నారు. సద్ది మాట వచ్చినప్పుడు నేను వంటింట్లోకి పోయాను.

నా అసైన్‌మెంట్ డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంది. చదివేవాళ్ళకు ఒక మనవి. ఏడో పేజీలో "సద్దు లేదు" అని ఉన్నచోట "సద్ది లేదు" అని దిద్దుకొని చదవండి. ఎనిమిదో పేజీలో నిశ్శబ్దం మీద నేను రాసిన వ్యాఖ్యను చదవకండి. అది కొట్టేశాను.