పెద్ద గోదారి వచ్చిన ఏడు

మా దేవీపట్నం వైపు కొండరెడ్ల ఊళ్ళలో పెద్దవాళ్ళను వయసెంత అని అడిగితే అంకె చెప్పరు. ‘పెద్ద గోదారి వచ్చినప్పటికి పాకుతున్నానంట’ అంటారు. పెద్ద గోదారి అంటే 1986 ఆగస్టు వరద. మాకు ఆ లెక్క సరిపోతుంది. ఓపెన్ స్కూల్ దరఖాస్తులో మాత్రం దానికి గడి లేదు.

నిజానికి ఓపెన్ స్కూల్ పదో తరగతికి అడిగే అర్హత చాలా తక్కువ. జాతీయ స్థాయిలో ఓపెన్ స్కూల్ సంస్థ 1989లో ఏర్పడింది, మన రాష్ట్రంలో 1991లో. 14 ఏళ్ళు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. మధ్యలో బడి మానేసినవాళ్ళూ, బడి మొహం చూడనివాళ్ళూ కూడా చదవడం రాయడం వస్తే చేరవచ్చు. ఐదు సబ్జెక్టులు. లెక్కలంటే భయపడేవాళ్ళు హోం సైన్స్ తీసుకోవచ్చు. పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయక్కర్లేదు, పూర్తిచేయడానికి ఐదేళ్ళ గడువు. పోడు పనుల మధ్య చదివేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? అయినా మావాళ్ళు పుట్టిన తేదీ గడి దగ్గర ఆగిపోతున్నారు.

దరఖాస్తులు నింపే పని టీచర్ని కాబట్టి నా మీద పడుతుంది. ఒక అక్క వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పొయ్యి దగ్గర కూర్చుని ఏళ్ళ తరబడి సోషల్ పాఠాలు విన్న మనిషి. ఆమె ఆధార్‌లో జనవరి 1 ఉంది, మా ఊళ్ళో సగం మంది పుట్టినరోజు అదే. ఓటరు కార్డులో వయసు వేరు. నాలుగు దాకా చదివిన బడి రిజిస్టరు, పోలవరం ముంపుకి ఊరు ఖాళీ చేసిన గందరగోళంలో ఎటుపోయిందో తెలీదు. ఆధార్‌ను వయసుకు రుజువుగా తీసుకోలేమని 2024లో సుప్రీంకోర్టే ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది.

ఎవరో ఆమెకు సలహా ఇచ్చారు, ఎలాగూ కాగితం లేదు కదా, నాలుగేళ్ళు తగ్గించి రాయించుకోమని. అంగన్‌వాడీ కార్యకర్తకు పదో తరగతి కావాలి, 35 దాటకూడదు. ఆ సలహా ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుసు, తప్పు పట్టలేను కూడా. అక్క మాత్రం నవ్వేసింది.

‘మేస్టారూ, మా తమ్ముడి పది సర్టిఫికెట్‌లో 88 ఉంది. నేను తగ్గితే ఆడు నాకు అన్న అయిపోతాడు. ఆడిని ఎత్తుకు తిరిగింది నేను.’

ఇక చేసేదేముంది, ఆలస్యంగా జనన నమోదుకు వెళ్ళాం. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయాలంటే 1969 చట్టం ప్రకారం మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత అది కోర్టు నుంచి జిల్లా, సబ్ డివిజన్ అధికారుల చేతికి వచ్చింది. మంత్రసాని బతికే ఉంది కాబట్టి సాక్ష్యం చెప్పింది. ఆమె చెప్పింది కూడా వరద లెక్కే. కాగితం చేతికొచ్చేసరికి ఆ ఏడు అడ్మిషన్ల గడువు దాటిపోయింది.

టీచర్లకు ఒక మాట. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి జనన ధృవపత్రమే రుజువు. పుట్టిన 21 రోజుల్లో చెబితే రుసుము లేకుండా నమోదు చేస్తారు. కొండ మీద ఇంట్లో కాన్పయిందని తెలిస్తే పంచాయతీ కార్యదర్శికో ఆశా కార్యకర్తకో ఒక కబురు పెట్టండి. పెద్దపిల్లలకైతే దరఖాస్తు నింపేముందే ఆధార్, టీసీ పక్కపక్కన పెట్టి చూడండి. పది మెమోలో పడిన తేదీ ఆ తర్వాత ప్రతి ఉద్యోగంలోనూ వెంట వస్తుంది.

అక్క మరుసటేడు చేరింది. తెలుగు, సోషల్ అయ్యాయి. ఇంకా మూడున్నాయి. హోం సైన్స్ పుస్తకంలో వంట గురించి రాసింది చదివి, ‘దీనికి కూడా పరీక్షేనా?’ అంది.