గ్రంథపాతం

మా మేనల్లుడు కోకాపేటలో పద్దెనిమిదవ అంతస్తులో ఉంటాడు. 2023 నాటి వేలంలో అక్కడ ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అంత ఖరీదైన చోట కూర్చొని, ఒకనాటి రాత్రి వాడు పైసా విలువ చేయని ఒక పాత ఆటను బ్రతికించడానికి తంటాలు పడుతున్నాడు.

అది బొమ్మలు లేని ఆట. గదులూ వీధులూ వస్తువులూ అన్నీ మాటలే. గదిలో ప్రవేశించి ‘లుక్’ అని టైపు చేస్తే దాని వర్ణన తెరపై కనబడుతుంది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా ఆరంభించగా రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన ‘మడ్’ ఇటువంటి ఆటలకు ఆద్యం. 1990లో పావెల్ కర్టిస్ రూపొందించిన ‘లాంబ్డామూ’లో ఆడేవారే కొత్త గదులు కట్టుకోవచ్చు. ఆ ప్రోగ్రాముతోనే మావాడూ వాడి హాస్టలు మిత్రులూ ఒక ఊహానగరాన్ని నిర్మించుకున్నారు. తెలుగును ఇంగ్లీషు లిపిలో రాసుకున్నారు. అది చూసి నాకు మొదట చిరాకు కలిగిన మాట నిజం.

ఆ నగరమంతా ఒకే డేటాబేస్ ఫైలులో ఉంది. డిస్కు చెడి ఆ ఫైలు పాడయింది.

“మామయ్యా, ప్రతి గదికీ తనలోని మొదటి వస్తువు సంఖ్య మాత్రమే తెలుసు. రెండవది ఏదో ఆ మొదటి వస్తువే చెప్పాలి. నడుమ ఒక్కటి పోతే తక్కినవి ఉండి కూడా కనబడవు” అన్నాడు.

నాకు తాటాకు గ్రంథం గుర్తుకు వచ్చింది. త్రాడు తెగితే ఆకులన్నీ ఉన్నా గ్రంథం ఉండదు.

వాడు చెడిన ఫైలును ముట్టుకోలేదు. దానికి నకలు తీసి, ఆ నకలు మీదనే పనిచేశాడు. కొన్నేళ్ళ క్రిందటి చెడని ప్రతి మరొకటి దొరికింది. రెండింటినీ పంక్తి పంక్తీ పోల్చి, తెగిన సంఖ్యలను అతికాడు. పంతొమ్మిదవ శతాబ్దంలో బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి చేయించిన పని ఇదే కదా అనుకున్నాను.

తెల్లవారుజామున ఒక్క గది మిగిలింది. దాని పేరు ‘గండిపేట గట్టు’. కట్టినవాడు వారి మిత్రుడే. మూడేళ్ళ క్రిందట మరణించాడు. పాత ప్రతిలో ఆ గది పేరు మాత్రమే ఉంది. తరువాత చేర్చిన వర్ణనలో ఒక వాక్యమూ, మరొక వాక్యంలో సగమూ దక్కాయి.

“వాడి ధోరణి నాకు తెలుసు. మిగిలినది నేను పూర్తి చేస్తాను. ఎవరికీ తెలియదు” అన్నాడు.

నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన నన్నయ ఫణితిలోనే పూరించి, రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. కాని తాను పూరించిన సంగతి దాచలేదు. నేను దాచాను. పరిశోధన రోజుల్లో ఒక తాటాకు ప్రతికి నకలు రాస్తూ, పురుగు తిన్న పద్యపాదాన్ని నేనే పూరించాను. ఛందస్సు చక్కగా కుదిరింది, గుర్తు పెట్టలేదు. పదేళ్ళ తరువాత చూస్తే ఆ పద్యాలలో ఏ పాదం కవిదో ఏది నాదో నాకే తెలియలేదు. అప్పటికి ఆ ఆకు పొడి అయిపోయింది. అటువంటి చోట పరిష్కర్తలు చుక్కలు పెట్టి ‘గ్రంథపాతం’ అని రాస్తారు. ఇంతవరకు ఎవరికీ చెప్పని ఈ సంగతి ఆ పూట మావాడికి చెప్పాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ సగం వాక్యం చివర చుక్కలు పెట్టి సర్వరు నడిపించాడు. గదిలో ప్రవేశించి ‘లుక్’ అన్నాడు. వాక్యం ‘నీళ్ళ మీద’ అన్నచోట ఆగిపోయింది.

కిటికీ అవతల నిజమైన గండిపేట చెరువు మీద వెలుగు పరుచుకుంటున్నది. మావాడు అటు చూడలేదు. మళ్ళీ ‘లుక్’ అని టైపు చేశాడు.