మందారానికి పట్టిన తెలుపు

బిర్సానగర్‌లోని ఆ ఇంటి ప్రహరీ పక్కనున్న రెక్క మందారం వయసు ఇరవయ్యేళ్ల పైమాటే. శ్రీకాకుళం నుంచి కొమ్మ తెచ్చి నాటిన పెద్దావిడ ఇప్పుడు లేదు. టెల్కోలో పనిచేసి రిటైరైన ఆమె కొడుకు రోజూ ఎనిమిది పూలు కోస్తాడు. నాలుగు ఇంట్లో దేవుడికి, నాలుగు పక్కింటి బెంగాలీల కాళీమాతకు. 2024 వేసవిలో ఆ లెక్క తప్పింది. చిగుళ్లు ముడుచుకుపోయాయి. మొగ్గలు విచ్చకుండానే రాలాయి. కణుపుల్లో దూది అంటించినట్టు తెల్లటి ముద్దలు.

జంషెడ్‌పూర్‌లో పూలకు కొదవ లేదు. 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్క్‌లో గులాబీ తోటే ఉంది. అక్కడ చీడ పడితే చూడ్డానికి మాలీలున్నారు. బిర్సానగర్‌లో ఇంటివాడే మాలీ, ఇంటివాడే వైద్యుడు. ఆ వైద్యుడు దుకాణానికెళ్లి "తెల్ల పురుగు" అన్నాడు. అవతలి మనిషి రెండో ప్రశ్న వేయకుండా సీసా ఇచ్చాడు. ఎంత కలపాలో నోటిమాటగానే చెప్పాడు.

మందు కొట్టిన మర్నాడు నేల మీద పురుగులు చచ్చి పడ్డాయి. ఎర్రటివి కొన్ని, తెల్లటివి కొన్ని. పెద్దాయన సంతోషించాడు. మూడో వారానికి తెలుపు రెట్టింపైంది. దుకాణంలో ఈసారి మరో సీసా ఇచ్చారు. ఇది మొదట్లో పోస్తే వేరు తాగి మొక్కంతా పాకిస్తుందట. ఆ సాయంత్రం బకెట్లో మందు కలుపుతుండగా మనవరాలు మిగిలిన ఒక్క పువ్వునూ తెంపి, తొడిమ ఊడదీసి, అడుగునున్న తేనె చప్పరించింది. ఆ ఇంట్లో పిల్లలందరూ చేసే పనే అది. ఆయన చేతిలో కర్ర ఆగిపోయింది.

వేరు ద్వారా పాకే మందు ఆకుతోనే ఆగదు. ఇమిడాక్లోప్రిడ్ వంటివి పుప్పొడిలోకి, తేనెలోకి కూడా చేరతాయి. తేనెటీగలకు ముప్పని యూరోపియన్ యూనియన్ 2018లో దానితో సహా మూడు మందులను ఆరుబయట వాడకుండా నిషేధించింది. ఇదంతా ఆయనకు ఆ రాత్రి ఫోన్‌లో చెప్పింది గుంటూరు వైపు మిరప వేసే వియ్యంకుడు. 2021-22లో నల్ల తామర పురుగులు మిరప పూతను మింగేస్తుంటే మందు మీద మందు కొట్టి అప్పుల పాలైన రైతుల్లో ఆయనొకడు. "బావగారూ, ముందు పురుగును చూడండి. కొట్టుకి తర్వాత వెళ్దురు" అన్నాడు.

పొద్దున్నే మనవరాలి స్కూలు భూతద్దంతో తాతా మనవరాలూ కూర్చున్నారు. ముద్దల్లో ఉన్నవి పిండినల్లి పురుగులు. ఒంటికి మైనపు పూత ఉంటుంది కనుక మందు నీళ్లు జారిపోతాయి, కింద గుడ్లకు తగలవు. వాటి మధ్య ఒకటి మాత్రం కాస్త పెద్దది, ఒళ్లంతా తెల్లటి పోగులు. "తాతా, ఇది పరిగెడుతోంది. పక్కదాన్ని తినేస్తోంది కూడా" అంది పాప. పిండినల్లి పరుగెత్తదు. అది అక్షింతల పురుగు పిల్ల. కొన్ని జాతుల్లో పిల్ల పురుగు అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. పిండినల్లిని తినేందుకు పేరుబడ్డ క్రిప్టోలీమస్‌ను 1898లోనే ఆస్ట్రేలియా నుంచి భారత్‌కు రప్పించారు. దాని పిల్లదీ ఇదే వేషం. మొదటి సీసాకు నేల రాలిన తెల్లటివాటిలో శత్రువులెన్నో, సైనికులెన్నో!

ఇలాంటి పొరపాటు దేశమంతా చేసింది. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించి బొప్పాయినీ, మల్బరీనీ, మందారాన్నీ పీల్చేసింది. మందులతో లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చి వదిలిన చీమ కంటే చిన్న కందిరీగ దాని పని పట్టింది.

తోటలో మిగతావాటి గుట్టూ భూతద్దం కిందే తెలిసింది. చామంతి మొగ్గల కింద గుంపుగా పచ్చటి పేనుబంక. నీళ్ల పైపు గట్టిగా పెడితే చాలావరకు పోతుంది. గులాబీ ఆకుల వెనుక సన్నటి గూడు, పైన ఇసుక చల్లినట్టు చుక్కలు. అది ఎర్రనల్లి. ఎనిమిది కాళ్ల జీవి, అసలు కీటకమే కాదు. పురుగుమందు కొడితే దాన్ని తినేవి చచ్చి అదే పెరుగుతుంది. ఎండకాలం ఆకుల వెనుక నీళ్లు కొట్టడమే దానికి మందు. ఇక గులాబీ ఆకుల అంచుల్ని గుండ్రంగా కత్తిరించుకుపోయేది ఒక రకం తేనెటీగ. గూటికి ఆకు కావాలి దానికి, అంతే. దానికీ మందు కొట్టేవాళ్లున్నారు.

మందారం పని కాస్త మొరటుది. బాగా ముడుచుకున్న కొమ్మల్ని కత్తిరించి, సంచిలో మూటకట్టి పారేశారు. మిగతా ముద్దల్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో పాప తుడిచింది, పరుగెత్తేవాటిని వదిలేసి. కాండం మీద చీమల బారు కూడా ఉంది. పిండినల్లి విసర్జించే తీపి బంక కోసం చీమలు దాన్ని పశువుల్లా కాస్తాయి, తినడానికి వచ్చే పురుగుల్ని తరుముతాయి. కాండానికి ప్లాస్టిక్ పట్టీ చుట్టి పైన గ్రీజు పూశాడు పెద్దాయన. జీవితమంతా గ్రీజుతో గడిపిన మనిషి, అది మందారానికి పనికొస్తుందని అనుకోలేదు. మళ్లీ కనిపించిన చోట లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి, ఎండ తగ్గాక కొట్టాడు.

రెండో సీసా మూత మళ్లీ తీయలేదు. పాపకు అందకుండా తాళం వేసిన పెట్టెలో ఉంది. ఆ ఏడు కాళీపూజ నాటికి చెట్టు ఐదు పూలు పూసింది. మూడు పక్కింటికి వెళ్లాయి.