ఇంజను ఆగిన ఊరు

తెరచాప పడవల్లో దీవులు తిరిగేవాళ్ల రాతలు చదవడం నాకున్న వ్యసనాల్లోకెల్లా చవకైనది. కాకినాడ నుంచి హోప్ ఐలాండ్‌కి లాంచీలో వెళ్లొచ్చేసరికే కడుపులో దేవేసే మనిషిని. పసిఫిక్ మహాసముద్రమంటే నాకు పడక్కుర్చీలోంచే ఇష్టం. ఆ పుస్తకాల్లో సూర్యాస్తమయాలు, డాల్ఫిన్లు, కొబ్బరినీళ్లు వచ్చే పేజీలు చకచకా తిప్పేస్తాను. ఎవరైనా పంపు విప్పి ముందేసుకుని కూచున్నారంటే మాత్రం కళ్లజోడు సవరించుకుంటాను. అసలు ప్రయాణం అక్కణ్నుంచే మొదలవుతుందని నా అనుమానం.

అందరూ ఇష్టపడే దారి ఒకటుంది. పనామా కాలువ దాటితే గలపగోస్. అక్కణ్నుంచి దాదాపు 3,000 నాటికల్ మైళ్లు పడమటికి పోతే మార్కేసస్ దీవులు, ఆపైన టుఅమోటు పగడపు దీవులు, తహితి, కుక్ దీవులు, టోంగా. ఆగ్నేయపు గాలి వెనకనుంచి తోస్తూనే ఉంటుంది కాబట్టి సుఖమైన దారి అంటారు. చిక్కంతా ఆ సుఖంలోనే ఉంది. గాలి మారదు గనక పడవ మూడు నాలుగు వారాలు ఒకే తీరున ఊగుతుంది. తెరచాప ఒకే ఉక్కు తీగకి రాసుకుంటుంది. చాపని పైకెత్తిన తాడు కొయ్య కొసన కప్పీ మీద ఒకే చోట నలుగుతుంది. తెలిసినవాళ్లు రోజూ ఆ తాడుని బెత్తెడు వదలడమో లాగడమో చేస్తారు. నలిగే చోటు మారితే చాలు, తాడు ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. మరిచిపోతే అర్ధరాత్రి తెగుతుంది. పట్టపగలు తెగిన తాడు గురించి ఎవరూ రాయగా నేను చదవలేదు.

నీళ్లకింద ఇంకో సంసారం. పడవ అడుక్కి రాగి కలిపిన రంగు పూస్తారు, అది ఉన్నచోట గుల్లలు అంతగా అంటుకోవు. రంగు అరిగిన చోటా, వెనకభాగంలో రంగు పూయని అంచునా మాత్రం గుత్తులు గుత్తులుగా మొలుస్తాయి. గలపగోస్‌లో అధికారులు ఈతగాణ్ని దింపి మరీ అడుగు చూపిస్తారు. గుల్లలు కనిపిస్తే, నడిసముద్రంలోకి వెళ్లి గీక్కుని రమ్మని వెనక్కి పంపుతారు. ఆ దీవుల్లో లేని జీవి ఏదీ పడవకి కరుచుకుని రాకూడదని వాళ్ల పట్టుదల. న్యాయమే. కాకపోతే గీకేవాడికి చేతిలో రేకుముక్క, కింద కిలోమీటర్ల లోతు నీలం, చెవుల్లో దూరే చిన్నచిన్న రొయ్యపురుగులు.

ఉప్పునీటిలో రెండు రకాల లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే వాటిమధ్య సన్నగా కరెంటు పారుతుంది, రెండింట్లో ఒకటి కరిగిపోతుంది. కంచు పంకా అలా పోకుండా దాని ఇరుసుకి ఒక జింకు ముక్క బిగిస్తారు. కొత్తింటి గుమ్మానికి మనం కట్టే బూడిద గుమ్మడికాయ చేసే పనే ఆ ముక్కా చేస్తుంది. రావలసిన కీడంతా తన మీదికి తీసుకుని తాను పోతుంది. సగానికి పైగా కరిగితే కొత్తది వేయాలి. ఎంత కరిగిందో చూడ్డానికి మళ్లీ మునగాలి. మరుగుదొడ్డి గొట్టాల సంగతి భోజనానికి ముందు చదవకండి. మూత్రమూ సముద్రపు నీరూ కలిసి లోపల సున్నం కడతాయి. గొట్టం ఊడదీసి ఒడ్డున రాయికేసి బాదితే పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. తెల్లటి ఇసుక, నీలి మడుగు ఉన్న ఫొటోలో ఆ చప్పుడు వినిపించదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది డీజిలు చేసే ద్రోహం. ఉష్ణమండలంలో గాలినిండా తేమే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోగోడలకి ఆ తేమ పట్టి, కారి, డీజిలుకన్నా బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే అంచున సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. అవి పెరిగి, చచ్చి, నల్లటి జిగురు తయారవుతుంది. లంగరు వేసుకుని ఉన్నన్నాళ్లూ ఆ జిగురు కదలదు, ఇంజను మర్యాదగా నడుస్తుంది. పడవ ఎగిరెగిరి పడినప్పుడు అడుగంతా కలకబారి, జిగురు వెళ్లి ఫిల్టర్లో కూరుకుపోతుంది, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఇంతకీ పడవ అలా ఎగిరిపడేది ఎక్కడ? ఇంజను లేకపోతే గడవని చోటే.

టుఅమోటు సంగతి చూడండి. 70కి పైగా దీవులు, దాదాపు అన్నీ గుండ్రటి పగడపు గట్లు, గట్టు మధ్యలో మడుగు. అలలు గట్టు మీంచి పొర్లి మడుగులోకి నీరు పోస్తూనే ఉంటాయి. ఆ నీరు బయటికి పోవడానికి చాలా దీవుల్లో ఒకటో రెండో గండ్లే. అందువల్ల గండిలో ప్రవాహం ఐదారు నాట్ల వేగం అందుకుంటుంది, ఒక్కోచోట ఇంకా ఎక్కువే. మామూలు పడవ ఇంజను వేగమూ అంతే. పోటు పాటుగా మారే ఆ కాసేపు చూసి దూరాలి. సూర్యుడు వీపు వెనకో నెత్తిమీదో ఉండాలి. ముక్కున ఒకరు నిలబడి నీటి రంగుని బట్టి దిబ్బ ఎక్కడుందో చెప్పాలి. అలాంటి చోట ఇంజను ఆగితే పడవ పగడం మీదే. తెలివైనవాళ్లు బయట ఊగే సముద్రంలోనే ఫిల్టరు మార్చుకుని అప్పుడు లోపలికి వస్తారు. వచ్చాక లంగరు గొలుసు పగడాలకి చుట్టుకోకుండా మధ్యమధ్య ప్లాస్టిక్ బుంగలు కట్టి తేలుస్తారు. ఆ బుంగలు ఎక్కడా కొనక్కర్లేదు. నల్లముత్యాల పెంపకందార్లవి తెగి కొట్టుకొచ్చి ఒడ్డునిండా పడుంటాయి.

ఏదీ పాడవని పడవ దీవిని రెండు రోజుల్లో చూసేస్తుంది. ఊరు, జలపాతం, ఇంకో ఫొటో, లంగరు ఎత్తడం. పాడైన పడవకి ఆ తొందర కుదరదు. వెల్డింగు చేసేది ఎవరు, ఆదివారం చర్చి అయ్యాక దొరుకుతాడా, తహితి నుంచి మార్కేసస్‌కి సరుకు తెచ్చే అరనుయి ఓడ ఎప్పుడొస్తుంది, అందులో మన పెట్టె ఉందో లేదో ఎవర్ని అడగాలి? ఇవన్నీ తెలిసేసరికి ఊళ్లో సగం మంది పేర్లు తెలుస్తాయి. మీరు వాళ్ల జనరేటరు బాగుచేస్తే మీ పడవలోకి బుట్టెడు పంపరపనసలు వస్తాయి. ఆ దీవుల పంపరపనసలకి పెద్ద పేరు. చక్కగా నడిచే ఇంజను ఉన్నవాడు వాటిని బజార్లో కొనుక్కుంటాడు, అంతే తేడా. నవంబరు దగ్గరపడేకొద్దీ తుపాన్ల భయం ఉంటుంది కాబట్టి ఈ స్నేహాలకీ గడువుంది. ఏప్రిల్ దాకా సాగే ఆ రోజుల్లో చాలామంది న్యూజిలాండ్ వైపు దిగిపోతారు.

మనవాళ్ల కథలోనూ ఇలాంటి రేవు ఒకటుంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి నౌకాదళపు తెరచాప పడవ తారిణి ఆరుగురు మహిళలతో భూమి చుట్టి రావడానికి బయల్దేరింది. వర్తికా జోషి నాయకురాలు. విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఆ ఆరుగురిలో ఉన్నారు. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ అని నాలుగు రేవులు ముందే ఖాయం చేసుకున్నారు. ఐదో రేవుని స్టీరింగ్ ఎంచింది. చివరి మజిలీలో అది మొరాయిస్తే 2018 ఏప్రిల్లో మారిషస్‌లోని పోర్ట్ లూయీకి తిప్పి, బాగుచేసుకుని, మే 21న గోవా చేరారు. వార్తల్లో ఆ మజిలీకి దక్కింది ఒకటి రెండు వాక్యాలే. నన్నడిగితే ఒక అధ్యాయం ఇచ్చేవాణ్ని.

ఇలాంటి అధ్యాయాలు రాయడంలో జాషువా స్లోకమ్‌ని మించినవాడు లేడు. 1895 నుంచి 1898 దాకా ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన మొదటి మనిషి ఆయన. పొలంలో కుళ్లిపోతున్న స్ప్రే అనే పడవని 13 నెలలు చెక్కి, సామగ్రికి 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చయిందని లెక్క రాసుకున్నాడు. టాస్మేనియాలో పడవని ఒడ్డుకి లాగించి, కొయ్య తొలిచే పురుగు పట్టలేదని తేల్చుకుని, అయినా ముందున్నది పగడాల సముద్రమని ఇంకో పూత రాగి రంగు వేయించాడు. కోకోస్ దీవుల్లో ఓడ బరువుకి వేసుకున్న సిమెంటు దింపేసి, బదులుగా రాక్షస ఆల్చిప్పలు నింపుకున్నాడు. కాలం లెక్కకి ఆయన దగ్గరున్నదల్లా ఒక రేకు గడియారం. ముఖం పగిలి ఉందని డాలరుకే ఇచ్చారు. దారిలో దాని నిమిషాల ముల్లు ఊడిపోయింది. ఆయన దాన్ని నీళ్లలో వేసి ఉడకబెట్టాడు. ఆ తర్వాత అది గంటలు మాత్రం చెప్పింది. అంత పెద్ద సముద్రం మీద అది చాలనుకుని ఆయన ముందుకి సాగిపోయాడు.